పేరుకున్న నూనె

ఆ ఉదయం జయశ్రీ గోడ మీదుగా అందించిన గాజు సీసాలో ఉన్నది నెయ్యి అనుకుంది జుబేదా.

"నాకెందుకమ్మా నెయ్యి, మొన్ననేగా కాచుకున్నాను," అంది.

"నెయ్యి కాదండీ పిన్నిగారూ. ఆలివ్ నూనె. మీ తమ్ముడుగారు పంపించిందే," అంది జయశ్రీ. గొంతు బాగా తగ్గించి అంది. వెనక వరండాలో ఆమె భర్త శివరామయ్య మాస్టారు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

జుబేదా సీసాను అటూ ఇటూ వంచి చూసింది. లోపలిది కదలలేదు. లేతాకుపచ్చ రంగు పోయి, తెల్లగా, పలుకులు పలుకులుగా గడ్డకట్టి ఉంది. అరవై అయిదేళ్ళ ఆమె అరచేతుల్లోంచి చల్లదనం మోచేతుల దాకా పాకింది.

"ఫ్రిజ్‌లో పెట్టానండీ. ఖరీదైన నూనె కదా, బయట ఉంటే మక్కిపోతుందేమోనని. నాలుగు రోజులైంది. ఇవాళ తీసి చూస్తే ఇదిగో, ఇలా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ నూనె పేరుకుంటుందో ఈ జిల్లాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. చలి మొదలైందంటే రేషను షాపు పామాయిలు ప్యాకెట్లో సున్నంలా తెల్లబడిపోతుంది. పొయ్యి పక్కన కాసేపు నిలబెడితేగాని కారదు. చలికాలంలో ఏ నూనె కొన్నా సీసా ఎత్తి వెలుతురులో చూసుకోవడం ఇక్కడి ఆడవాళ్ళకు అలవాటు. అడుగున తెల్లగా కనబడిందంటే కొట్టువాడు పామాయిలు కలిపాడన్నమాటే. జుబేదాకు ఆ సంగతి నేర్పింది ఆమె అత్తగారు. జయశ్రీకి నేర్పింది జుబేదా.

"పామాయిలేనంటారా?" అంది జయశ్రీ.

జుబేదా సీసాను ఇంకోసారి వెలుతురుకు ఎత్తి చూసింది.

రెండు నెలల క్రితం మాస్టారికి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, నూనె తగ్గించమని, వాడితే ఆలివ్ నూనె వాడమని, పామాయిలు మాత్రం గడప దాటి లోపలికి రానివ్వద్దని. ఏలూరులో ఆ నూనె మందుల షాపుల్లో పసిపిల్లల ఒంటికి రాసే బుల్లి డబ్బాల్లో దొరికేది గాని కూరకూ పులుసుకూ సరిపడా దొరికేది కాదు. అప్పుడు జుబేదా తనంతట తనే కల్పించుకుంది. "తాడేపల్లిగూడెంలో మా తమ్ముడి కొట్టుందమ్మా. ఇమాం సాహెబ్ ఇచ్చాడంటే కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు," అంది. వాళ్ళు అలాగే వాడుకున్నారు. రెండు నెలలపాటు ఆ గుండె జబ్బు మనిషికి ఆ నూనెతోనే వంకాయ వేయించింది జయశ్రీ.

"మాస్టారితో అనకండీ. అసలే గుండె. కంగారుపడతారు," అంది జయశ్రీ.

"ఎందుకంటాను తల్లీ."

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషి ఆరడుగుల దూరంలో కూర్చుని ఉండగా, ఆయన చెవిన పడకుండా ఇద్దరూ అంత జాగ్రత్తపడ్డారు.

జయశ్రీ నూనె సీసాలో వంపుకుని ఇచ్చేసిన ఖాళీ డబ్బా జుబేదా ఇంట్లోనే ఉంది. బియ్యం పోసుకుందామని దాచుకుంది. అది తీసి, కళ్ళజోడు పెట్టుకుని, దానిమీద ఉన్న ప్రతి అక్షరమూ మళ్ళీ చదివింది. అచ్చయిన కాగితం ఏది దొరికినా చివరిదాకా చదవడం ఆమెకు అలవాటు. బడికి వెళ్ళి నేర్చుకున్న చదువు కాదది. వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం దగ్గర నమూనా గళ్ళు లెక్కపెట్టడం తప్ప చిన్నప్పుడు ఇంకేమీ రాదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు జంగారెడ్డిగూడెం నుంచి అక్క షాయిస్తా దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఏదో మాటా మాటా వచ్చి విడిపోయాక అక్క రాసిన ఉత్తరం అదొక్కటే. పోస్టుమాన్ తొందరలో ఉన్నాడు. పైపైన చూసి, "అంతా క్షేమమేనని రాశారమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు. క్షేమమే కదా అని జుబేదా ఊరుకుంది. మూడేళ్ళు తంటాలుపడి, పొట్లాం కాగితాల మీద అక్షరాలు దిద్దుకుని, చదవడం వచ్చాక ఆ ఉత్తరం తీసింది. "ఒంట్లో బాగాలేదు. కోపం పెట్టుకోకుండా ఒక్కసారి వచ్చి వెళ్ళు," అని ఉంది అందులో. అప్పటికి షాయిస్తా పోయి రెండేళ్ళు దాటింది.

అప్పట్నించీ తను స్వయంగా చదివితే తప్ప దేన్నీ నమ్మకూడదని జుబేదా పట్టుదల. సబ్బు రేపర్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కుని నేర్చుకుంది. ఇప్పుడీ డబ్బా మీద ఆలివ్ నూనె అని ఉంది, స్పెయిన్ అని ఉంది. పామాయిలు అన్న ముక్క ఎక్కడా లేదు. అక్షరం కూడా అబద్ధమాడుతుందన్నమాట. ఆ మాట తట్టేసరికి ఆమెకు ఉన్నచోట కాలు నిలవలేదు. చెప్పులేసుకుని రైలు స్టేషనుకు బయల్దేరింది.

ప్యాసింజరు భీమడోలు దాటుతుంటే కుడివైపు చేపల చెరువులు మెరిశాయి. కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి సంవత్సరం అది. ఎదుటి బల్ల మీద వాళ్ళు ఆ గొడవే మాట్లాడుకుంటున్నారు. జుబేదాకు ఏమీ వినబడలేదు. తుండుగుడ్డలో చుట్టిన సీసా ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఆలోచించింది. ఇమాం తనకంటే ఆరేళ్ళు చిన్నవాడు. అక్క పోయాక మిగిలిన తోబుట్టువు వాడొక్కడే. ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఫోన్ చేసి, "ఆపా, తిన్నావా?" అని అడుగుతాడు. వాళ్ళింట్లో అక్కను ఆపా అనే పిలుస్తారు. వాడు తెలిసి చేశాడా, తెలియక చేశాడా? తెలియక చేసుంటే మెల్లగా చెప్పాలి. తెలిసి చేసుంటే?

మెల్లగానే చెబుదామనుకుంది. కాని కొట్టు ముందుకు చేరేసరికి నలుగురు బేరగాళ్ళున్నారు. వీధిలో ఉల్లిపాయల లారీ దింపుతున్నారు. ఆ సందడిలో ఇమాం సాహెబ్ ఎవరికో అదే రకం డబ్బా అందిస్తూ, "దీనికి తిరుగు లేదండీ, మా ఆపా ఊళ్ళో గుండె జబ్బు వాళ్ళు ఇదే వాడుతున్నారు," అంటున్నాడు.

ఆ మాటతో జుబేదాకు కోపంతో ఒళ్ళు తెలియలేదు.

"ఆ డబ్బా ఇవ్వకు ఇమాం," అంది. బేరగాళ్ళను తోసుకుని వెళ్ళి సీసాను బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. "ఇది చూసి ఇవ్వు. నువ్వు పంపిన నూనె. మంచి మనిషి గుండెలో పామాయిలు పోయించావు నా చేత."

రైలు వేడికి అంచులు కరిగాయి గాని నడుమ ఇంకా తెల్లటి గడ్డ ఉంది. అందరూ వంగి చూశారు.

"పామాయిలే," అన్నాడు బుల్లిరాజు అనే బేరగాడు. "నిఖార్సైన పామాయిలు. సాయిబుగారూ, మాక్కూడా ఇదేనా పోశారు? మా అత్తగారికి పోయించాన్లెండి, పర్వాలేదు."

ఒకరిద్దరు నవ్వారు. ఇమాం సాహెబ్ నవ్వలేదు. సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క కళ్ళలోకి ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "నువ్వు ఇంటికెళ్ళు ఆపా," అన్నాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. కూర్చోమనలేదు. మంచినీళ్ళు ఇమ్మని లోపలికి కేకెయ్యలేదు.

ఆ శుక్రవారం ఫోన్ రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. జుబేదా ఫోన్ పక్కనే కూర్చుని మధ్యాహ్నం అన్నం చల్లారబెట్టుకునేది. చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. తప్పు చేసింది వాడు, తనెందుకు చెయ్యాలి అని ఒక మనసు. షాయిస్తాతో కూడా ఇలాగే అనుకున్నావు కదా అని ఇంకో మనసు. బక్రీదు వచ్చింది. ప్రతి ఏడూ పండగ నాడు ఆమె వంతు మాంసం స్వయంగా పట్టుకొచ్చే తమ్ముడు ఆ ఏడు రాలేదు. వీధిలో ప్రతి ఆటో చప్పుడుకీ లేచి గుమ్మం దాకా వెళ్ళివచ్చిందామె.

ఈలోపు జయశ్రీ ఏలూరులో కొత్తగా తెరిచిన ఏసీ షాపు నుంచి ఇంకో ఆలివ్ నూనె తెచ్చుకుంది. పొడుగాటి సీసా, మీద ఆకులూ కాయలూ ఉన్న కొమ్మ బొమ్మ. ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్ళలా నిలిచింది. "ఇదండీ అసలుదంటే. వారం పెట్టాను పిన్నిగారూ, మంచం దిగని మహారాజులా అలాగే ఉంది," అని గోడ మీదుగా చూపించింది. ఆ సీసా చూస్తే జుబేదాకు తమ్ముడి మీద మిగిలిన కాస్త ఆశా ఇంకిపోయింది.

పండగ వెళ్ళిన మూడోనాడు జయశ్రీ గుడికి వెళ్తూ, మాస్టారికి మజ్జిగ ఇమ్మని జుబేదాకు చెప్పి వెళ్ళింది. జుబేదా వెళ్ళేసరికి మాస్టారు తనే లేచి మజ్జిగ కోసం ఫ్రిజ్ తీశాడు. తలుపు అరలో నిలబెట్టిన సీసా ఆయన కంటపడింది.

"జుబేదమ్మగారూ, నూనె ఫ్రిజ్‌లో ఎందుకుందండీ?"

"మక్కిపోకుండా పెట్టిందండీ."

"ఎన్నాళ్ళయింది?"

"పది పన్నెండు రోజులైందేమోనండీ."

ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇంత చల్లగా ఉండి, చుక్కైనా పేరుకోలేదే," అన్నాడు.

"అవునండీ. మంచి నూనె," అంది జుబేదా.

"మంచి నూనెంటే? ఆలివ్ నూనె ఇంత చలిలో పేరుకోవాలి కదండీ. అది దాని గుణం. కొబ్బరినూనె చలికి గడ్డకట్టదూ? అలాగే. అన్నీ ఒకే తీరుగా కట్టవనుకోండి. పేరుకున్నంత మాత్రాన అసలుదని చెప్పలేం, పేరుకోకపోతే నకిలీ అనీ చెప్పలేం. కాని ఇది మరీ ఇలా ఉందంటే అనుమానించాలి. నా కంటికి చిన్నక్షరాలు ఆనవు. వెనక ఏం రాశాడో చదవండి."

జుబేదా కళ్ళజోడు పెట్టుకుంది. ముందువైపు ఆలివ్ అన్న మాట అరంగుళం ఎత్తున ఉంది. వెనక, కొమ్మ బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాలు. ఒక్కొక్క అక్షరమే పలుకుతూ పోయింది. మాస్టారు వాటిని మాటలుగా కలిపి చెప్పాడు. అది కలిపిన వంటనూనె అట. ఎనభై పాళ్ళు పొద్దుతిరుగుడు నూనె. ఇరవై పాళ్ళు ఆలివ్ నూనె.

"దొంగతనం కాదండీ ఇది. చెప్పే చేశాడు. మనం చదవని చోట చెప్పాడు, అంతే," అని మాస్టారు నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైందండీ? కూర్చోండి. మీ తమ్ముడుగారి డబ్బా నయం కదూ, అదెందుకు మానేసింది మా ఆవిడ?"

జుబేదా వంటింటి గడప మీద కూలబడిపోయింది. దాచింది చాలనిపించింది. మొత్తం చెప్పేసింది. సీసా పేరుకోవడం, తను రైలెక్కడం, బేరగాళ్ళ ముందు అన్న మాట, ఇన్నాళ్ళుగా మోగని ఫోన్.

మాస్టారు వింటూ వింటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె హడలిపోయింది.

"నాకేం కాలేదు," అన్నాడాయన. "నన్నొక్క మాట అడక్కపోయారా? ఆ మనిషిని నలుగురిలో కల్తీగాడని వచ్చారా?"

ఆమె మజ్జిగ గ్లాసు అక్కడే వదిలేసి బయల్దేరింది. రైలుకు ఇంకా గంటన్నర ఉందంటే బస్సెక్కింది. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకుంది. కాళ్ళు పట్టుకుంటాను అనుకుంది. తిట్టనీ, కొట్టనీ, గడప మాత్రం దిగను అనుకుంది.

కొట్టు తెరిచే ఉంది. బేరగాళ్ళు లేరు. ఆలివ్ డబ్బాలు ఉండే అర ఖాళీగా ఉంది. గల్లాపెట్టె వెనక కూర్చున్న ఇమాం సాహెబ్ ఆమెను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఆమె నోరు తెరిచేలోపలే అతను బల్ల దాటి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు.

"నన్ను క్షమించు ఆపా. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు. ఆ మాస్టారుగారు ఎలా ఉన్నారు? బాగున్నారని ఒక్క మాట చెప్పు. ఇన్ని రోజులుగా నాకు నిద్ర లేదు."

జుబేదాకు అర్థం కాలేదు. "నువ్వు నన్ను క్షమించమనడమేంట్రా?"

"తెలియక చేశాను. డబ్బా మీద రాసింది నమ్మాను. నువ్వు చెప్పేదాకా పామాయిలని నాకు తెలియదు. నీ మీద ఒట్టు."

"నమ్మేశావా?" అంది ఆమె. "నేను అనగానే నమ్మేశావా?"

"నువ్వంటే నమ్మనా? చదవనిదే ఏ మాటా అనవు కదా నువ్వు."

అప్పుడు చెప్పింది జుబేదా. ఆలివ్ నూనె చలికి పేరుకుంటుందట. అది దాని గుణమట. సైన్సు మాస్టారు చెప్పాడు. నీ నూనెలో పామాయిలు ఉందనడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు తమ్ముడూ. నీ మీద నింద వేశాను. నలుగురిలో వేశాను.

తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడని, ఏడుస్తాడో తిడతాడో ఏదో ఒకటి చేస్తాడని ఎదురుచూసింది. అతను బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ఆరోజు సీసా చూసినప్పుడు పాలిపోయినట్టే మళ్ళీ పాలిపోయాడు.

"అప్పారావు," అన్నాడు.

"ఎవరు?"

"ఆ నూనె వేసేవాడు. అత్తిలి మనిషి. పద్నాలుగేళ్ళుగా మాకు సరుకు వేస్తున్నాడు. నువ్వు వెళ్ళాక వచ్చాడు ఆపా. బజారులో అందరూ చూస్తుండగా డబ్బాలు వీధిలోకి విసిరేశాను. దొంగ అన్నాను. రోగుల ఉసురు తగులుతుందన్నాను. మిగతా కొట్లవాళ్ళకు కూడా నేనే చెప్పాను, వాడి సరుకు తీసుకోవద్దని."

వీధిలో ఎవరో తక్కెడ రాళ్ళు సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. అన్నాళ్ళూ జుబేదా తన ఒక్క బంధం తెగుతుందేమోనని భయపడింది. తన మాట ఊరు దాటి, ఎన్నడూ మొహం చూడని మనిషి గుమ్మం దాకా వెళ్ళిందని ఆమెకు తట్టనే లేదు.

ఇమాం సాహెబ్ కొట్టు తలుపులు మూసేశాడు. "నువ్వుండు, నేను వెళ్ళొస్తా," అన్నాడు. "మొదట అన్నది నేను," అని ఆమె కూడా బస్సెక్కింది.

అత్తిలిలో అప్పారావు ఇల్లు కాలవ పక్కన. యాభై ఏళ్ళ మనిషి, అరుగు మీద కూర్చుని సైకిలు గొలుసుకు నూనె పెడుతున్నాడు. వీళ్ళను చూసి లేవలేదు, కోపం చూపలేదు. "జీవరత్నం, రెండు కుర్చీలు తీసుకురా," అని భార్యను కేకేశాడు. కుర్చీలు వచ్చాయి. ఇద్దరూ కూర్చోలేదు.

ఇమాం సాహెబ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జుబేదాయే చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. పేరుకుంటే పామాయిలు అనుకున్నానని, ఎవర్నీ అడగలేదని, తప్పంతా తనదని.

అప్పారావు చివరిదాకా విని, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చాడు. "మీకు చదువొచ్చటగా అమ్మా. సాయిబుగారు ఎప్పుడూ చెప్పేవారు. చదవండి."

హైదరాబాదులోని ఏదో ప్రైవేటు ల్యాబు కాగితం అది. అతను పంపించిన డబ్బా నూనెకు పరీక్ష చేశారు. జుబేదా కూడబలుక్కుంటూ చదివింది. అంకెలు చాలా ఉన్నాయి. చివరి వరుస అప్పారావు తెలుగులో చెప్పాక ఆమెకు అర్థమైంది. ఆలివ్ నూనెకు ఉండవలసిన కొలతలన్నిటికీ సరిపోయింది. వేరే నూనె కలిపిన జాడ లేదు.

"నిన్న వచ్చిందండీ," అన్నాడు అప్పారావు. "ఇది వచ్చేలోపల ఏడు కొట్లవాళ్ళు రావద్దన్నారు. కంపెనీ ఏజెన్సీ తీసేసింది. మా ఆవిడే నన్ను నమ్మలేదు కొన్నాళ్ళు. నాకే నా మీద నమ్మకం పోయిందనుకోండి. స్పెయిన్లో ఏం కలిపారో నేను చూశానా?"

"అన్ని కొట్లకూ నేనే తిరుగుతాను అప్పారావుగారూ. ఈ కాగితం పట్టుకుని ఒక్కొక్కరికీ చెబుతాను. రేపటినుంచి మళ్ళీ..." అన్నాడు ఇమాం సాహెబ్.

"తిరగండి. వద్దనను. మీరు తిరిగితే మేలే." అప్పారావు మళ్ళీ అరుగు మీద కూర్చుని గొలుసు అందుకున్నాడు. "మీ కొట్టుకు మాత్రం ఇక సరుకు వేయలేనండీ. కల్తీ అనుకున్నందుకు కాదు, ఎవరైనా అనుకుంటారు. పద్నాలుగేళ్ళు ఎదురెదురుగా టీ తాగాం. 'ఏంటయ్యా ఇది' అని ఒక్క మాట అడగలేదు మీరు."

జీవరత్నం లోపలి నుంచి మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఇమాం సాహెబ్ తాగాడు. జుబేదా కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మళ్ళీ కవర్లో పెట్టింది.

తిరుగు బస్సు కోసం సెంటర్లో నిలబడ్డారు. ఎండ వాలుతోంది. ఉండలేకపోయింది జుబేదా.

"తిట్టరా ఇమాం. ఏదో ఒకటి అను. నువ్వు మాట్లాడకపోతే నేను తట్టుకోలేను."

"ఏమనను ఆపా," అన్నాడతను. కళ్ళు బస్సు వచ్చే దారి మీదే ఉన్నాయి. "నువ్వు నన్ను అడగలేదు. నేను వాణ్ణి అడగలేదు."

బస్సు వచ్చింది. జనం మీద పడ్డారు. ఇమాం సాహెబ్ ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు మీద తన టోపీ వేసి ఆపి, కిందకు చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. అతను అప్పారావు దగ్గర ఆ కాగితం నకలు అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని ఆమె ఒళ్ళో పెట్టి, "మళ్ళీ మొదట్నించీ చదువు ఆపా. రేపు ఏడు చోట్ల చెప్పాలి. ఒక్క అక్షరం తప్పుపోకూడదు," అన్నాడు.

జుబేదా కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. బస్సు కుదుపులకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. వేలు కింద పెట్టుకుని మొదటి వరుస పైకి చదవడం మొదలుపెట్టింది.